మిల్లు బాబాయి కలిపిన వరసలు

మా ఊరికి నూలు మిల్లు యాజమాన్యం వల్ల జరిగిన అన్యాయాలను ముందుగా వరుసగా నమోదు చేస్తున్నాను. మనిషిని గురించి ఆ తరవాత చెబుతాను.

శ్రావణం, రెండో శుక్రవారం. మిల్లులో ఖాళీలు ఉన్నాయన్న ప్రకటన నరసరావుపేట బస్టాండు గోడల మీద కనిపించింది. మా ఊరి గోడల మీద కనిపించలేదు. మిల్లు కట్టుకోవడానికి పొలాలు అమ్మినవాళ్లం మేము.

భాద్రపదం, వినాయక చవితి మరునాడు. పనిలో ఉన్న మా ఊరి ఆడవాళ్లందరినీ మళ్లీ ఇంటర్వ్యూకు పిలిచారు. ఏళ్లుగా పనిచేస్తున్నవారిని కొత్తగా పరిచయం చేసుకోవలసిన అవసరం ఎందుకు వచ్చిందో చెప్పలేదు.

కార్తీకం, మొదటి సోమవారం. మా ఊరి నుంచి ఇక ఎవరినీ తీసుకోబోమని గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. చెప్పవలసిన అధికారి చెప్పలేదు.

మాఘం, రథసప్తమి వెళ్లిన గురువారం. మిల్లు బస్సు మా ఊరికి రావడం మానేసింది.

అదే వారం, శనివారం. మా కోడలు కోటేశ్వరిని, ఆమెతో పాటు ఆటోలో వెళ్లిన మా ఊరి ఆడవాళ్లను గేటు దగ్గరే ఆపి వెనక్కి పంపారు. కారణం అడిగితే, "మీ బాబాయి పోయాడుగా, ఇంకొన్నాళ్లు ఇంటిదగ్గరే ఉండండి" అన్నారు.

ఆ బాబాయి ఎవరో, ఎవరికి బాబాయో తెలిస్తే తప్ప పై అన్యాయాలు అర్థం కావు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. నరసరావుపేటలో మోటార్లకు వైండింగు కట్టే ముస్లిం కుటుంబంలోని మనిషి. మిల్లు తరఫున పల్లెలు తిరిగి పనివాళ్లను కుదర్చడం ఆయన పని. నా సంగతి కూడా ఒక మాట చెప్పాలి. నేను మా ఊరి సహకార సంఘానికి చాలాకాలం కార్యదర్శిగా ఉన్నాను. సమావేశంలో ఎవరు ఏమన్నారో అదే రోజు రాసి, చదివి వినిపించి, సంతకాలు తీసుకునే అలవాటు అక్కడ పట్టుబడింది. దానివల్ల నేను మనుషుల మాటలను కొంచెం ఆలస్యంగా నమ్ముతాను.

మిల్లు పెట్టిన కొత్తలో దానికి ఇలాంటి మనిషి అవసరం లేకపోయింది. గేటుకు ఒక బోర్డు తగిలిస్తే చాలు, మగపిల్లలు తెల్లారేసరికి వచ్చి నిలబడేవారు. కొన్నాళ్లకు వాళ్లలో కొందరు లారీలెక్కారు, కొందరు హైదరాబాదు వెళ్లారు, ఉన్నవారు జీతాల మాట ఎత్తారు. అప్పుడు మిల్లుకు పెళ్లికాని ఆడపిల్లలు కావలసి వచ్చారు. ఆడపిల్లలు బోర్డు చూసి రారు. వాళ్లను ఇంట్లో అడగాలి. ఆ విధంగా ఆయన మా ఊరి సందుల్లోకి వచ్చాడు.

మా ఇంటికి మొదటిసారి వచ్చింది మిరపతోటకు నల్ల తామరపురుగు పట్టి, పూత అంతా రాలిపోయిన ఏడు. మోపెడ్‌ను గేటు బయటే నిలిపాడు. సీటును తువ్వాలుతో తుడిచి, ఎండకు కాలకుండా అదే తువ్వాలును దాని మీద పరిచి లోపలికి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నీళ్ల డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని, "పెదనాన్నా, కాసిని మంచినీళ్లు ఇప్పించు" అన్నాడు.

"నీకూ నాకూ మహా అయితే నాలుగైదేళ్ల తేడా. నేను నీకు పెదనాన్నను ఎట్టా అవుతానయ్యా?" అన్నాను.

"వరస వయసుని బట్టి రాదు పెదనాన్నా. అవసరాన్ని బట్టి వచ్చిద్ది."

"ఎవరి అవసరం?"

"ఇవాళ్టికి నాదే. దాహం నాకేగా."

నీళ్లు తెచ్చింది మా కోడలు. చెంబు అందుకోకుండానే "నీ పుట్టినూరు ఏదమ్మా" అని అడిగాడు. రెంటచింతల అని చెప్పింది.

"రెంటచింతలా. ఆ ఎండల్లో పెరిగినదానివి, మా మిల్లు వేడి నీకు చల్లగా ఉండిద్ది. మా అమ్మమ్మోళ్లది మాచర్ల. అందరం ఒకే బస్సు ఎక్కినోళ్లం. నేను నీకు బాబాయిని."

ఒకే బస్సు ఎక్కినందుకు బాబాయి అయిన మనిషిని అంతకు ముందు నేను చూడలేదు. ఆమె లోపలికి వెళ్లాక లెక్క చెప్పాను. నేను ఆయనకు పెదనాన్ననైతే నా కొడుకు ఆయనకు తమ్ముడు, నా కోడలు మరదలు. ఆమెకు ఆయన బాబాయి అయితే నేను ఆయనకు వియ్యంకుణ్ణి. ఈ రెండూ ఒక ఇంట్లో పొసగవు.

ఆయన చెంబెడు నీళ్లూ తాగి, మూతి తుడుచుకుని, "లెక్క చూసుకుంటే పల్నాడులో ఎవరూ ఎవరికీ ఏమీ కారు పెదనాన్నా. పిలవడానికి ఒక మాట కావాల" అన్నాడు.

తరవాత చొక్కా జేబులో నుంచి నూలు దారం తీశాడు. పటుక్కున తెంపి, మా కోడలిని మళ్లీ బయటికి పిలిచి, రెండు కొసలూ చేతికిచ్చి "అతుకు" అన్నాడు. మిల్లులో ఆడవాళ్ల పని అదే. మిషను మీద పోగు తెగితే, మిషను ఆగకుండా అతకాలి. కోటేశ్వరి అతుకుతుంటే ఆయన దారాన్ని చూడలేదు, ఆమె కళ్లను చూశాడు. "పోగును చూసేవాళ్లు నిలుస్తారు. అతుకుతా నా మొహం చూసేవాళ్లు మూడో నెల మానేస్తారు" అన్నాడు. ఇందులో నిజమెంతో తెలియదు. నాకు పనికివచ్చింది మరొకటి. ఆ దారాన్ని బట్టి మిల్లు పరిస్థితి తెలుసుకోవచ్చునని కొన్నాళ్లకు గ్రహించాను. పనివాళ్లు విరివిగా దొరికే రోజుల్లో ఆయన దారాన్ని రెండుసార్లు తెంపేవాడు. దొరకడం తగ్గాక ఒక్కసారి తెంపేవాడు. ఆ తరవాత అతుకు ఎట్లా ఉన్నా "బంగారం" అనేవాడు. చివరికి దారం తేవడమే మానేశాడు.

మాటలూ మారాయి. మొదట్లో "మిల్లు టైముకి తయారుగా ఉండాల" అనేవాడు. తరవాత "మీకు ఏ టైము కుదిరిద్దో చెప్పండి, బస్సు అప్పుడే పంపిస్తారు" అన్నాడు. మా ఇంటికి రాకముందు పెళ్లికాని పిల్లలున్న ఇళ్లకే వెళ్లేవాడు. ఆ పిల్లలు ఇంటరు, డిగ్రీలు చదివి గుంటూరు బట్టల దుకాణాలకు వెళ్లడం మొదలుపెట్టాక, ఇద్దరు పిల్లల తల్లులను అడగసాగాడు. ఒకరోజు మా పక్కింటి ముసలామె అరుగు మీద కూర్చుని ఆయన్ను ఆపింది.

"ఏం బాబాయ్, ఇంక నా వంతా? నన్నూ తీసకపోతావా?"

"నీ మోకాళ్లు ఒప్పుకుంటే నేను ఒప్పుకుంటా పిన్నీ."

"మోకాళ్లదేముంది, మీ మిల్లోడు మంచం వేస్తాడా?"

"అడిగి చెప్తా. ఈ ఏడు ఏమడిగినా సరే అంటన్నాడు."

ఆమె ఆయనను బాబాయి అంటుంది, ఆయన ఆమెను పిన్ని అంటాడు. ఏ వరసలో చూసినా అర్థం లేని మాట. సందులో వాళ్లందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మిల్లువాడు ఏమడిగినా సరే అంటున్నాడంటే, అనవలసిన అవసరం తప్పిపోయే ఏర్పాటు మరెక్కడో జరుగుతున్నదని నాకు అనిపించింది.

ఇంకొకటి కూడా గమనించాను. ఆడవాళ్లలో ఎవరి దగ్గరా ఆయన బావ వరస గానీ మామ వరస గానీ కలపలేదు. బావ ఎకసెక్కాలాడవచ్చు. బాబాయికి ఆ హక్కు లేదు. బాబాయి అంటే తండ్రి తరవాత తండ్రి. ఆ ఒక్క మాటతో ఆయన మొగుళ్ల దగ్గరా, అత్తల దగ్గరా అనుమతి అడిగే పని లేకుండా చేసుకున్నాడు. ఇంత ఆలోచించి ఎంచుకున్న మాటను నేను ఉత్త ఆప్యాయత అనుకోలేకపోయాను.

ఒక ఆషాఢంలో గుంటూరు వెళ్లే రైలు కోసం నరసరావుపేట స్టేషనులో నిలబడి ఉన్నాను. ఎదురుగా వచ్చి ఆగిన రైలు నుంచి ఒడిశా కుర్రవాళ్లు సంచులతో దిగారు. వాళ్లకు ఎదురు వెళ్లింది ఆయనే. "అల్లుడూ, సంచి పైకెత్తి పట్టుకో. అల్లుడూ, అటు కాదయ్యా, ఇటు." వాళ్లకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా ఆయన చెయ్యి చూపించిన వైపే నడిచారు.

నన్ను చూసి తప్పుకోలేదు. నేనే అడిగాను.

"ఏంది ఇది? మా ఆడవాళ్లకు బాబాయివి, వీళ్లకు మామవా? కూతుళ్ల పని అల్లుళ్లకు ఇప్పిస్తన్నావా?"

"మీ ఊళ్లో నేను అడగని ఇల్లుందా పెదనాన్నా? చదివిన పిల్ల మిల్లుకి రాదు. వచ్చేది మీ కోడళ్లు. వాళ్లకి రాత్రి షిఫ్టు కుదరదు, మిరపకోతలప్పుడు కుదరదు, పెళ్లిళ్లప్పుడు అసలే కుదరదు. ఈ పిల్లలకి ఇక్కడ కోతలు లేవు, పెళ్లిళ్లు లేవు. మిల్లు లోపలే హాస్టలు కట్టారు. మిల్లోడికి కావాల్సింది అదే."

"మరి అల్లుడని ఎందుకంటన్నావు?"

"అల్లుడైతే వచ్చిన నాడు ఒక ముద్ద పెడతారు. ఏ వరసా లేనోడికి ఎవరు పెడతారు?"

"వీళ్లను తెచ్చినందుకు నీకేం ఇస్తారు?"

"రా, టీ తాగుదాం."

ఆ ప్రశ్నకు ఆయన దగ్గర నాకు ఎప్పుడూ దొరికిన జవాబు టీకి పిలుపు మాత్రమే.

ఇక భాద్రపదంలో జరిగిన ఇంటర్వ్యూ. మిల్లుకు కొత్తగా వచ్చిన ఆఫీసరు చిన్నవాడు, మర్యాదస్తుడు, పై రాష్ట్రం నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్నవాడు. కోటేశ్వరి కోరిక మీద నేనూ వెళ్లాను. గది తలుపు తీసే ఉంది. వరండాలో బెంచీ మీద కూర్చుంటే లోపలి మాటలన్నీ వినిపించాయి. ఆడవాళ్లందరూ గోడవారన నిలబడ్డారు. ఎవరికైనా ప్రశ్న అర్థం కాకపోతే చెప్పడానికి, పనివాళ్లను కుదిర్చే మా మనిషినే ఆఫీసరు పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయనను కుర్చీలో చూడడం నాకు అదే మొదలు.

"మిల్లులో మీవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు ఆఫీసరు.

"ఉన్నారండీ" అంది కోటేశ్వరి. "ఈమె మా పిన్ని. ఈమె మా వదిన. ఆ చివర మా అత్త."

వదిన అన్న ఆమెను అడిగాడు. ఆమె మరికొందరిని చూపించింది. అత్త అన్న ఆమె ఇంకొందరిని చూపించింది. ఒక్కరూ ఒక్కరిని వదిలిపెట్టలేదు. వదిలితే పక్కనున్న మనిషి నొచ్చుకుంటుంది. ఆఫీసరు కలం ఆపకుండా రాస్తున్నాడు.

"ఈయన?" అని కుర్చీలో ఉన్న మనిషిని చూపించాడు నవ్వుతూ.

"మా బాబాయండీ."

"ఎవరికి?"

"అందరికీ."

"అంటే మీ ఊరంతా ఒకే కుటుంబమా?"

"అవునండీ" అంది కోటేశ్వరి. "మా ఊరంతా ఒకటేనండీ."

ఆమె ఆ మాట గర్వంగా అంది. ఆఫీసరు కలం మూసి టేబులు మీద పెట్టాడు. ఒక ఇంట్లో పెళ్లయినా చావయినా మిషన్లన్నీ ఒకేసారి ఆగిపోయే ఊరు ఇది అని ఆయనకు ఆ క్షణంలో అర్థమైంది. కార్తీకంలో వాచ్‌మన్ చెప్పింది దాని ఫలితమే.

మిల్లు ఎదుట టీ కొట్టు దగ్గర మా మనిషిని నిలబెట్టి అడిగాను. ఆడవాళ్లు అప్పటికి బస్సెక్కి వెళ్లిపోయారు.

"పక్కనే కూర్చున్నావు. అవి పిలుపులేగానీ చుట్టరికాలు కావని ఒక్క మాట చెప్పలేకపోయావా? లేకపోతే చెప్పకుండా ఉండమని ఆ ఒడిశా పిల్లల్ని తెచ్చే కాంట్రాక్టరు చెప్పాడా?"

ఆయన గ్లాసులో టీని ఊదాడు.

"ఎవరి ముందు చెప్పాల పెదనాన్నా? కోటేశ్వరి అక్కడే ఉంది, ఆ పిన్నీ అక్కడే ఉంది. ఆమె నీ పిన్ని కాదమ్మా, ఉత్తినే అంటన్నావు అని మొహం మీద చెప్పమంటావా?"

"పని పోతే పిన్ని పెట్టిద్దా?"

"ఇంకో సంగతి చెప్తా విను. ఒక సాయిబు మోపెడ్ వేసుకుని మీ ఇళ్లకొచ్చి ఆడపిల్లల్ని మిల్లుకి తీసకపోయాడు. ఇన్నేళ్లలో ఒక్కడన్నా గేటు దగ్గర ఆపి ఏందిరా అని అడిగాడా? ఎందుకు అడగలా? బాబాయిని కాబట్టి. అది ఉత్త మాట అని నా నోటితో నేనే ఆఫీసులో చెప్పాలా? చెప్పి, రేపు మీ వీధిలోకి ఏమని రావాల?"

మాట బాగుంది. మాట బాగున్నప్పుడే నేను రెండోసారి చదువుతాను. ఒడిశా కుర్రవాళ్లను తెచ్చే కాంట్రాక్టరుకు ఆ మౌనం కలిసివచ్చిందన్నది వాస్తవం. ఆయన దానివల్ల లాభపడ్డాడా, లేక తన వరసను కాపాడుకున్నాడా అన్నది నాకు నేటికీ తెలియదు. బహుశా రెండూ జరిగి ఉండవచ్చు. నా అనుమానాన్ని నేను కొట్టివేయలేదు. ఆయన టీ డబ్బులు ఇవ్వబోతే నేను ఇవ్వనివ్వలేదన్నది మాత్రం ఇక్కడ చేరుస్తున్నాను. నాకు అనుమానం ఉన్న మనిషి డబ్బుతో టీ నేను తాగను.

రథసప్తమి వెళ్లాక ఒక బుధవారం తెల్లవారుజామున ఆయన గుండె ఆగి చనిపోయాడని ఫోను వచ్చింది. మిల్లు బస్సు ఎప్పటిలాగే మా ఊరి సెంటరులో ఆగింది. ఎవరూ ఎక్కలేదు. ఆడవాళ్లందరూ ఆటోలు మాట్లాడుకుని నరసరావుపేట వెళ్లారు. నేనూ వెళ్లాను, మిల్లు తరఫున ఎవరు వస్తారో చూద్దామని. ఎవరూ రాలేదు. ఇద్దరు ఒడిశా కుర్రవాళ్లు మాత్రం షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నారు, జుట్టు నిండా దూదిపింజెలతో వీధి చివర నిలబడ్డారు. మా ఊరి ఆడవాళ్లు ఇంటి ముందు కింద కూర్చుని ఏడ్చారు. ఆ ఇంటివాళ్లు ఒక్కొక్కరినీ ఎవరని అడిగి, జవాబు విని, లోపలికి తీసుకువెళ్లి చివరిచూపు చూపించారు. ఆ జవాబును అక్కడ ఎవరూ రాసుకోలేదు.

మా ఆడవాళ్లు సెలవు చీటీ పెట్టకుండా వెళ్లారు. అది తప్పు. దానికి ఆ రోజు వేతనం కోసుకునే హక్కు మిల్లుకు ఉంది. మరునాటి నుంచి బస్సు ఆపే హక్కు లేదు. శనివారం గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కొక్కరినీ అడిగాడట.

"పోయినాయన నీకేమవుతాడు?"

"బాబాయి."

"నీకు?"

"బాబాయి."

"నీకో?"

"నాకూ బాబాయే. నీకు మాత్రం కాడా? నిన్ను ఈ గేటులో పెట్టించింది ఎవరు?"

చివరి మాట మా కోడలిది. అందుకే ఆమెను ముందు వెనక్కి పంపారని మిగిలినవారు అంటున్నారు.

ఆమె పని మా ఇంటికి ఎంత ముఖ్యమో దాచుకోవలసింది లేదు. ఈ ఏడూ మిరప నిలబడలేదు. మా అబ్బాయి ట్రాక్టరుకు దుక్కుల కాలంలోనే పని. గుంటూరు దుకాణాలు నలభై దాటినవారిని తీసుకోవు. ఆమె మిల్లుకు వెళితే ఇల్లు నడుస్తుంది, వెళ్లకపోతే నడవదు.

నిన్న సాయంత్రం ఆమె మిల్లు గేటు దగ్గర నుంచి ఒక కబురు మోసుకొచ్చింది. "ఆయన మాకు ఏమీ కాడు, మిల్లులో మావాళ్లు ఎవరూ లేరు అని కాగితం మీద రాసిస్తే పనిలోకి రానిస్తారంట మామయ్యా."

నేను కలం తీశాను. రాయడానికి నాకంటే తగినవాడు లేడు. ఆయన మాకు ఏమీ కాడని మొదటి రోజే లెక్క కట్టి ఆయనకే చెప్పినవాణ్ణి. ఆ కాగితంలో ఒక్క అబద్ధమూ ఉండదు.

"రాయమంటావా?" అని అడిగాను.

"నువ్వు రాసుకో మామయ్యా, నీకు రాయడం అలవాటు. నేను మాత్రం సంతకం పెట్టను."

"పని పోయిద్దమ్మా."

"పోనియ్. బతికుండగా బాబాయి అని, పోయినాక కాదంటానా? రేపు పిన్నిని కూడా కాదని రాసియ్యమంటారు. అప్పుడు ఊళ్లో ఎవరి ఇంటికి పోవాల?"

నేను కలం మూత పెట్టాను. ఆయనను అనుమానించిన మనిషి మా ఊళ్లో నేనొక్కడినే. ఆ అనుమానం మా ఊరిది, మిల్లుకు అరువిచ్చేది కాదు.

కాబట్టి, మిల్లు కోరిన కాగితానికి బదులుగా ఈ వ్యాసాన్నే యాజమాన్యానికి పంపుతున్నాను. వారు ఈ కింది విషయాలకు జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. మీ ఆఫీసరు "మీవాళ్లు" అని అడిగి, విన్నదాన్ని రక్తసంబంధంగా ఎందుకు రాసుకున్నారో చెప్పాలి. బంధువులను కలిపి పెట్టుకోకూడదన్న మీ నియమంలో బంధువు అంటే ఎవరో, ఆ నియమం మీ కాంట్రాక్టరు ఒకే పల్లె నుంచి తెచ్చే కుర్రవాళ్లకు కూడా వర్తిస్తుందో లేదో చెప్పాలి. మగపిల్లలు దొరకనప్పుడు ఆడపిల్లల కోసం, ఆడపిల్లలు దొరకనప్పుడు మా కోడళ్ల కోసం ఒక మనిషిని మా ఇళ్లకు పంపించినవారు, ఆ మనిషి పిలిచిన పిలుపునే ఇప్పుడు మా ఆడవాళ్ల మీద నేరంగా ఎట్లా మోపుతున్నారో చెప్పాలి. బస్సు ఏ రోజు నుంచి వస్తుందో, కోటేశ్వరి, మిగిలినవారు ఏ షిఫ్టుకు రావాలో తెలపాలి.

జవాబు తెలుగులో, మేనేజరు సంతకంతో, ఈ ఫాల్గుణం వెళ్లేలోగా నాకు అందాలి. వాచ్‌మన్ ద్వారా గానీ, ఫోనులో గానీ చెప్పించే జవాబును స్వీకరించను. మా నోటిమాటను మీరు ఎట్లా రాసుకున్నారో చూశాను. మీ మాటను మీరే రాసి పంపండి.